దేవుని దత్తపుత్రులమైతే ఇంకా ఈ భయం ఎందుకు?

రాయగడ నుంచి ఒక చెల్లి అడిగింది: "మా ఇంట్లో నేనొక్కదాన్నే బాప్తిస్మం తీసుకున్నాను. శుక్రవారం ఉపవాస ప్రార్థన తప్పినా, సంపాదనలో పదోవంతు దశమభాగంగా ఇవ్వలేకపోయినా శాపం తగులుతుందేమోనని ఒకటే టెన్షన్. మనం దేవుని దత్తపుత్రులమని, స్వతంత్రులమని అంటారు కదా, మరి నాకెందుకు అలా అనిపించడం లేదు? పేరు కూడా మార్చుకోవాలా?"

చెల్లెమ్మా, వందనాలు. మాది ఆంధ్రా సరిహద్దులో ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడి. నేను బైబిల్ కాలేజీలో చదువుకోలేదు గానీ, పెంపుడు కొడుకుగా పెరిగాను. అందుకే ఈ విషయంలో కొంచెం చొరవ తీసుకుని మాట్లాడుతున్నాను.

మా నాన్న నౌపడా–గుణుపూరు చిన్న రైలు లైన్లో పనిచేసేవారు. పిల్లలు లేక నన్ను పాతపట్నం వైపు పల్లె నుంచి, కాస్త ఊహ తెలిసిన వయసులో తెచ్చుకున్నారు. 1956 నాటి హిందూ దత్తత చట్టం క్రైస్తవులకు వర్తించదు. అప్పట్లో మాలాంటి వాళ్లకు ఉన్న దారి 1890 నాటి సంరక్షకుల చట్టం. అంటే కాగితం మీద వాళ్లు నాకు గార్డియన్లు మాత్రమే. నేను మేజర్ అయితే ఆ కాగితం పని అయిపోయినట్టే. ఆస్తిలో వాటా దానంతటది రాదు, వీలునామా రాయాలి. ఇప్పుడు 2015 బాలల న్యాయ చట్టం కింద ఏ మతం వాళ్లైనా దత్తత తీసుకోవచ్చు, ఆ బిడ్డకు కన్నబిడ్డతో సమానంగా అన్ని హక్కులూ ఉంటాయి.

ఈ చట్టాల సంగతి చిన్నప్పుడు నాకేం తెలుసు! అయినా అచ్చం ఆ కాగితానికి తగ్గట్టే బతికాను. ఎవరూ చెప్పకుండానే తెల్లారి లేచి నూతిలో నీళ్లు తోడేవాణ్ణి. అన్నం రెండోసారి అడిగేవాణ్ణి కాదు. చెప్పు తెగితే దాచేసి ఉత్త కాళ్లతో స్కూలుకి పోయేవాణ్ణి. ఖర్చు పెట్టిస్తే వెనక్కి పంపేస్తారేమోనని. ఒకరోజు నాన్న నా చేతిలో చేద లాక్కుని, "ఒరే గుంటడా, నువ్వు నీళ్లు తోడుతున్నావని నిన్ను ఉంచుకున్నామా? పో, పోయి ఆడుకో" అన్నారు. ఆ మాటతోనే భయం పోలేదులే. పదో తరగతి లెక్కల్లో తప్పాక పోయింది. ఆ రోజు నాన్న వీధంతా వినేలా తిట్టారు. నేను సంచి సర్దుకోవాలేమో అనుకుంటుంటే, రాత్రి అమ్మ ఎప్పటిలాగే ముగ్గురికీ కంచాలు పెట్టింది. నాన్న అన్నం తింటూ ట్యూషన్ గురించి మాట్లాడారు. పంపేయడం అనే ఆలోచనే ఆ ఇంట్లో ఎవరికీ లేదు, నాకు తప్ప.

గలతీ పత్రిక 4వ అధ్యాయం మొదటి ఏడు వచనాలు ఒకేసారి చదువు. వారసుడు కూడా చిన్నవాడుగా ఉన్నంతకాలం సంరక్షకుల చేతి కింద ఉంటాడు, దాసుడికీ అతనికీ తేడా కనిపించదు అంటాడు ఆ పత్రిక రాసిన పౌలు. తండ్రి నిర్ణయించిన కాలం వచ్చాక కుమారుడు, వారసుడు. పౌలు కాలపు రోమా సామ్రాజ్యంలో దత్తత అంటే ఉత్తుత్తి మాట కాదు. క్లౌదియ చక్రవర్తికి కడుపున పుట్టిన కొడుకు ఉన్నా, క్రీ.శ. 50లో దత్తత తీసుకున్న నీరోనే తర్వాత సింహాసనం ఎక్కాడు. నీరో మంచివాడని కాదు నేను చెప్పేది, దత్తతకు అంత బలం ఉండేదని. 'కుమారులు' అన్నాడు కదా, నాకేంటి అనుకోకు. దానికి ముందు అధ్యాయంలోనే పురుషుడని స్త్రీ అని లేదు అన్నాడు. ఆ వారసత్వం నీది కూడా.

ఇక శాపం మాట. గలతీ 3:13లో క్రీస్తు మనల్ని ధర్మశాస్త్రపు శాపం నుంచి విడిపించాడని ఉంది. దశమభాగం తప్పితే శాపమని ఎవరైనా భయపెడితే, ఆ వచనం చూపించి మర్యాదగా అడుగు. ఒంట్లో బాగోని శుక్రవారం అన్నం తిని పడుకో. దేవుడు శిక్షించడా అంటావేమో. సరిచేస్తాడు. ఆ దిద్దుబాటే కొడుకులమనడానికి గుర్తని హెబ్రీ 12లో ఉంది. కొడుకుని తిట్టడం వేరు, ఇంట్లోంచి పంపేయడం వేరు.

అలాగని స్వాతంత్ర్యం అంటే నా ఇష్టం అని కాదు. తర్వాత కూడా మా ఇంట్లో నీళ్లు నేనే తోడాను, నాన్నకు మోకాళ్ల నొప్పులు వచ్చాయి కాబట్టి. ఇంకో మాట. సరిహద్దు దాటితే ఆంధ్రావాళ్లకు మేం ఒడిశావాళ్లం, ఇక్కడివాళ్లకు తెలుగోళ్లం. 1936లో ఒడిశాను వేరు చేసి గీత గీసినప్పటి నుంచీ ఇదే గోల. సంఘంలో కూడా పెళ్లి సంబంధం దగ్గరికొచ్చేసరికి కులం అడిగే పెద్దలున్నారు. అందరం ఒక తండ్రి ఇంట్లోకి వచ్చినవాళ్లమే అయినప్పుడు, ఏ ఇంటి నుంచి వచ్చావని అడిగే హక్కు ఎవరికీ లేదు. నాకు ఇది దశమభాగం కన్నా పెద్ద విషయం.

మీ అమ్మానాన్నలను మాత్రం వదలకు. దేవునికి ఇచ్చేశామని సాకు చెప్పి తల్లిదండ్రులకు పెట్టడం మానేసినవాళ్లను యేసు గట్టిగానే మందలించాడు, మార్కు 7లో చూడు.

పేరు మార్చుకోవాలన్న నియమం బైబిల్లో ఎక్కడా లేదు. బైబిల్లో కనిపించే బోధకుడు అపొల్లో పేరులో ఉన్నది గ్రీకుల దేవుడు అపోలో. రోమా 16లో పౌలు మెచ్చుకున్న ఫీబేది కూడా గ్రీకు దేవత పేరే. వాళ్లు అవే పేర్లతో సంఘంలో పనిచేశారు. ఆధార్‌లో ఉన్న పేరు అలాగే ఉండనివ్వు.