పొడుపు గాయమైన కోడిపిల్ల సంరక్షణ

ప్రశ్న: మా పెరటి కోళ్లలో ఆరు వారాల పిల్లను మిగిలినవి తోక మొదట్లో రక్తం వచ్చేలా పొడిచాయి. అది మేత ముట్టకుండా మూల నక్కి ఉంటోంది. ఏం చేయాలి? తిరిగి మందలో ఎప్పుడు వదలవచ్చు?

జవాబు: మందు సంగతి తరువాత, ముందు దానిని వేరు చేయండి. ఎరుపు కనబడిన చోటనే కోళ్లు మళ్లీ మళ్లీ పొడుస్తాయి కాబట్టి చిన్న గాయం కూడా త్వరగా ప్రాణం మీదికి వస్తుంది. అయితే మందకు కనబడుతూ అందకుండా జాలీ అవతల ఉంచితే, తిరిగి కలిపేటప్పుడు దానిని కొత్తదిగా ఎంచి తరిమే అవకాశం తగ్గుతుంది.

కాచి చల్లార్చిన లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపి, గాయానికి అంటుకున్న ఈకలను పీకకుండా కత్తిరించి, మెల్లగా కడగండి. ఆపై పలుచని టీ రంగు వచ్చేలా నీటిలో కలిపిన పోవిడోన్ అయోడిన్ అనే, గాయాలకు వాడే క్రిమినాశక మందు అద్దండి. మనుషులకు వాడే నొప్పి లేపనాలు మాత్రం పూయవద్దు. వాటిలోని మత్తు మందులు కొన్ని పక్షులకు ప్రమాదకరం. ఈగలు పెట్టిన తెల్లని గుడ్లు ఈకల మొదళ్లలో ఉన్నాయేమో రోజూ విడదీసి చూడండి. పురుగు పట్టినా, దుర్వాసన వచ్చినా, పిల్ల నిలబడలేకపోయినా పశువైద్యునికి చూపించక తప్పదు.

దాణాను నీటితో తడిపి పెట్టండి. నీళ్లు గొంతులో పోయకుండా ముక్కు కొసను మాత్రమే ముంచండి, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పుండు మాని, ఆ చోట కొత్త ఈకలు కప్పిన తరువాతే మందలో కలపండి. ఈలోగా గూడు ఇరుకుగా ఉందేమో, మేత తొట్లు చాలుతున్నాయో లేదో సరిచూసుకోండి.