సాల్వర్‌కి టెస్టులు పెట్టబోతున్న తమ్ముడికి

తమ్ముడూ,

మ్యాట్రిక్స్ లైబ్రరీకి ఆటోమేటిక్ టెస్టులు ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి అని అడిగావు కదా, కాస్త పొడుగ్గానే రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

మామూలు కోడ్‌లో అయితే వచ్చిన ఆన్సరు, రావాల్సిన ఆన్సరు ఒకటేనా కాదా అని చూస్తే అయిపోతుంది. ఇక్కడ అలా కుదరదు, కూడే వరస మారితే చాలు చివరి అంకెలు మారిపోతాయి, త్రెడ్లు పెంచినా అంతే, ఓపెన్‌బ్లాస్ తీసేసి ఎంకేఎల్ (రెండూ బ్లాస్‌లే, అంటే మ్యాట్రిక్స్ లెక్కలు చేసిపెట్టే రెడీమేడ్ లైబ్రరీలు) లింక్ చేసినా అంతే, అందులో ఎవరి తప్పూ లేదు. కానీ చాలామంది ఏం చేస్తారంటే టెస్టు ఫెయిలవగానే టాలరెన్స్ (ఎంత తేడా దాకా ఒప్పుకోవాలన్న లిమిట్) 10⁻¹² నుంచి 10⁻⁸కి, అక్కణ్ణుంచి 10⁻⁵కి, పాసయ్యేదాకా పెంచుకుంటూ పోతారు. ఆ పని మాత్రం చెయ్యకు నాయనా, అలా వదులు చేసిన టెస్టు రేపు నిజమైన బగ్ వచ్చినా పట్టుకోదు.

ఆన్సర్ని ఇంకో ఆన్సర్‌తో పోల్చడం మానేసి, అది ఈక్వేషన్‌కి ('ఏ' × ఎక్స్ = బి; 'ఏ', బి మనం ఇచ్చేవి, ఎక్స్ సాల్వర్ కనిపెట్టేది) సరిపోతోందా చూడు. వచ్చిన ఎక్స్‌ని మళ్ళీ 'ఏ' మ్యాట్రిక్స్‌తో గుణించి బి లోంచి తీసెయ్, మిగిలినదాని నార్మ్‌ని (అది ఎంత పెద్దదో చెప్పే ఒకే నంబర్) 'ఏ' నార్మ్, ఎక్స్ నార్మ్, మెషిన్ ఎప్సిలాన్ ఈ మూడింటి లబ్ధంతో భాగించు. డబుల్ ప్రెసిషన్‌లో ఎప్సిలాన్ (1కి, దాని తర్వాత కంప్యూటర్ రాయగల నంబర్‌కి మధ్య తేడా) దాదాపు 2.2×10⁻¹⁶. ల్యాపాక్ అనే మ్యాట్రిక్స్ లైబ్రరీతో పాటు వచ్చే టెస్టులు చూసేది కూడా ఇలాంటి నిష్పత్తినే, లిమిట్ 20, 30 లాంటి చిన్న నంబర్ దగ్గరే ఉంటుంది. క్యూఆర్ (మ్యాట్రిక్స్‌ని క్యూ, ఆర్ అనే రెండిటి లబ్ధంగా విడదీసేది) అయితే క్యూ ట్రాన్స్‌పోజ్‌ని క్యూతో గుణిస్తే ఐడెంటిటీ వస్తోందా అన్నది కూడా చూడాలి. ఐగెన్ వెక్టర్లని నేరుగా పోల్చావో, గుర్తు తిరగబడి వచ్చిన రోజు (అదీ కరెక్టే) ఊరికే కంగారు పడతావు.

సాల్వ్ చెయ్యడం కష్టమని పేరున్న హిల్బర్ట్ మ్యాట్రిక్స్ 10×10ది తీసుకుని ఒకసారి చేసి చూడు. కండిషన్ నంబర్ (ఇన్‌పుట్‌లో చిన్న తేడా ఆన్సర్‌లో ఎన్ని రెట్లు పెరగొచ్చో చెప్పేది) 10¹³ దాటి ఉంటుంది, ఎక్స్‌లో నమ్మదగ్గ అంకెలు మూడో నాలుగో మిగలొచ్చు, అయినా పైన చెప్పిన నిష్పత్తి చిన్నగానే ఉంటుంది. అంటే నీ సాల్వర్ బాగానే పనిచేసింది, ప్రాబ్లమే అలాంటిది. ఆ రెండిటినీ విడదీసి చూపించలేని టెస్టు నాకు నచ్చదు.

ర్యాండమ్ మ్యాట్రిక్స్‌లు ఒక్కటే పెట్టి ఊరుకోకు, అవి చాలావరకు మంచివే వస్తాయి. సీడ్ (ర్యాండమ్ నంబర్లని మొదలెట్టే నంబర్) ఫిక్స్ చెయ్, ఫెయిలైతే ఆ సీడ్ లాగ్‌లో కనపడాలి. సైజులు 0, 1 తప్పకుండా పెట్టు, బ్లాక్ సైజ్ (ఒక్కోసారి లెక్కకి తీసుకునే ముక్క సైజు) 64 అయితే 63, 64, 65 కూడా, బగ్‌లు ఎక్కువగా ఆ అంచుల్లోనే ఉంటాయి.

ఇప్పుడు నాన్ (NaN, అంటే 'నంబర్ కాదు' అని కంప్యూటర్ ఇచ్చే విలువ) సంగతి, ఇది చాలా ముఖ్యం. "ఎర్రర్ లిమిట్ కన్నా ఎక్కువైతే ఫెయిల్" అని రాశావనుకో, ఎర్రర్ నాన్ అయినప్పుడు ఆ పోలిక ఫాల్స్ అవుతుంది, టెస్టు హాయిగా పాసైపోతుంది. "లిమిట్ లోపల లేకపోతే ఫెయిల్" అని తిప్పి రాయి. ఇదే నాన్‌ని మనకి పనికొచ్చేలా కూడా వాడుకోవచ్చు: సిమెట్రిక్ రొటీన్‌కి పై త్రిభుజం మాత్రమే చదవమని చెప్పినప్పుడు కింద భాగమంతా నాన్‌తో నింపు, ఎక్కడైనా పొరపాటున చదివితే వెంటనే బయటపడుతుంది. జెమ్‌లో (రెండు మ్యాట్రిక్స్‌ల లబ్ధాన్ని, బీటాతో గుణించిన పాత సి ని కలిపి సి లోనే పెట్టే బ్లాస్ రొటీన్) బీటా సున్నా అయితే సి పాత విలువలు చదవకూడదు, కాబట్టి సి నిండా నాన్ పెట్టి పిలువు, రిజల్ట్ శుభ్రంగా రావాలి.

సీఐలో (కోడ్ మారినప్పుడల్లా టెస్టుల్ని దానంతటదే నడిపే ఏర్పాటు) ప్రతి కమిట్‌కీ చిన్న సైజులే నడవనీ, లేకపోతే వెయిట్ చెయ్యలేక జనం టెస్టులే ఆపేస్తారు. పెద్ద సైజులు, వేరే బ్లాస్‌లు, ఒక త్రెడ్, ఎక్కువ త్రెడ్లు, ఇవన్నీ రాత్రికి పెట్టు.

అంతా అయ్యాక ఫ్యాక్టరైజేషన్ లూప్‌లో ఒక మైనస్‌ని ప్లస్ చేసి రన్ చెయ్, తర్వాత పివటింగ్ (చిన్న నంబర్‌తో భాగించాల్సి రాకుండా వరసలు మార్చడం) తీసేసి రన్ చెయ్. దేనికైనా టెస్టులన్నీ పాసైపోతే ఆ అవుట్‌పుట్ నాకు పంపించు, కలిసి కూర్చుని చూద్దాం.

మీ అన్నయ్య