పొరలు పెంచితే అవుట్‌పుట్ పవర్ ఇన్‌పుట్‌ను దాటడం గురించి

స్టాక్డ్ మెటాసర్ఫేస్‌లో (సిగ్నల్ ఫేజ్‌ని మార్చే చిన్న సెల్స్ ఉన్న పొరలను ఒకదాని వెనక ఒకటి పేర్చిన అమరికలో) పొరలు 2 నుంచి 6కి పెంచితే, లోపలికి ఇచ్చిన పవర్ కంటే బయటికి వచ్చేది ఎక్కువగా ఉందని, ఆప్టిమైజేషన్ కోడ్‌లో తప్పు ఎక్కడుందో దొరకడం లేదని రాశారు. కోడ్‌ని వదిలేయండి. అసలు సమస్య పొరల మధ్య దూరంలో ఉంది.

మీ సెల్ వెడల్పు సగం తరంగదైర్ఘ్యం, పొరల మధ్య ఖాళీ పావు తరంగదైర్ఘ్యం అన్నారు కదా. ఈ విలువలతో రేలీ-సోమర్‌ఫెల్డ్ సూత్రంలో (తరంగం ఒక పొర నుంచి తర్వాతి పొరకి ఎలా చేరుతుందో చెప్పేది) ఎదురెదురు సెల్స్ మధ్య కోఎఫిషెంట్, అంటే సిగ్నల్ ఎన్ని రెట్లవుతుందో, లెక్కేస్తే సుమారు 1.19 వస్తుంది. అంటే పవర్ (దాని వర్గం) 1.4 రెట్లు! యాంప్లిఫయర్ లేని పొర అలా పెంచలేదు. ఆ తప్పే పొర పొరకీ గుణించుకుంటూ పోతోంది. ఖాళీని సగం తరంగదైర్ఘ్యానికి పెంచండి, అదే విలువ 0.52కి దిగుతుంది.

అంతటితో సరిపెట్టుకోకండి. ప్రతి పొరకీ ప్రొపగేషన్ మాట్రిక్స్ (అన్ని సెల్స్ మధ్య కోఎఫిషెంట్ల పట్టిక) తాలూకు అతిపెద్ద సింగులర్ వాల్యూ, అంటే అది సిగ్నల్‌ని గరిష్ఠంగా ఎన్ని రెట్లు చేయగలదో, చూడండి. అది 1 దాటితే ఆ మోడల్‌తో వచ్చిన డేటా రేట్లను నమ్మలేం. దానితో మాట్రిక్స్‌ని భాగిస్తే పని గడుస్తుంది కానీ, అది తాత్కాలిక వైద్యమే. ఖాళీ తప్పనిసరిగా తక్కువే ఉండాలంటే ఎస్-పారామీటర్లతో (ప్రతి పోర్ట్ దగ్గర సిగ్నల్ ఎంత వెనక్కి వస్తుందో, ఎంత మిగతా పోర్ట్‌లకు వెళ్తుందో చెప్పే సంఖ్యలు) మల్టీపోర్ట్ మోడల్‌కి మారడం మంచిది. పొరల మధ్య ప్రతిఫలనాలు, పక్క సెల్స్ కప్లింగ్ రెండూ అందులో లెక్కకొస్తాయి.

ఫేజ్‌లను కొంచెం కొంచెంగా సరిదిద్దే గ్రేడియంట్ పద్ధతి మధ్యలో ఇరుక్కుపోవడం వేరే సంగతి. మీకు ఒక్క యూజరే, ఒక్క యాంటెనానే కాబట్టి ఇప్పుడున్న మోడల్‌లో ఫేజ్‌లను ఒక్కొక్కటిగా మార్చండి. మిగతావి కదపకపోతే, ఆ సెల్ గుండా వచ్చే సిగ్నల్‌ని మిగతా మొత్తంతో ఒకే ఫేజ్‌లోకి తెస్తే చాలు, స్టెప్ సైజ్ టెన్షనే ఉండదు. వేర్వేరు ర్యాండమ్ ఫేజ్‌లతో మొదలుపెట్టి, అన్నిటిలో మంచిది ఉంచుకోండి.