డెన్నిస్ ద మెనేస్ ఇద్దరున్నారా? పిల్లాడికి ఏది కొనాలి?

ఇద్దరున్నారండీ. మీరు చిన్నప్పుడు పేపర్లో కార్టూన్‌గా చూసిన పసుపు జుట్టు అమెరికా పిల్లాడు వేరు, ఇప్పుడు మీ అబ్బాయి టీవీలో చూస్తున్న ఎరుపు నలుపు చారల స్వెటర్ బ్రిటన్ వాడు వేరు. పేరు ఒకటే గానీ చుట్టరికం ఏమీ లేదు. మేం యూకేలో ఉంటాం, మావాడు పుస్తకం పట్టుకుని కూర్చోవడం మొదలైంది ఈ స్వెటర్ వాడి వల్లే, కాబట్టి నా మాటల్లో కాస్త పక్షపాతం ఉంటుంది.

విచిత్రం ఏంటంటే ఇద్దరూ ఒకే రోజు బయటికొచ్చారు, 1951 మార్చి 12న. అమెరికాలో హ్యాంక్ కెచమ్ అనే కార్టూనిస్టు తన డెన్నిస్‌ని 16 పేపర్లలో మొదలెట్టాడు, అదే రోజు ఇక్కడ బీనో అనే పిల్లల కామిక్ పత్రిక కొత్త సంచిక మా డెన్నిస్‌తో షాపుల్లోకి వచ్చింది (దాని మీద తేదీ 17 అని ఉంటుంది లెండి). కాపీ కొట్టడానికి టైమే లేదు! కెచమ్ కొడుకు పేరే డెన్నిస్, నాలుగేళ్ళవాడు, పడుకోమంటే గదంతా పీకి పందిరేశాడట, వాళ్ళమ్మ విసుక్కుని 'మెనేస్' (పెద్ద పీడ అన్నట్టు) అన్న మాటే కామిక్ పేరైపోయింది. 1993లో అమెరికా వాళ్ళు సినిమా తీస్తే ఇక్కడ మాత్రం ఉత్తి 'డెన్నిస్' అని రిలీజ్ చేశారు, లేకపోతే పిల్లలు మా వాడేడని గొడవ చేసేవాళ్ళు.

తేడా ఎక్కడంటే, అమెరికా వాడికి చెడగొడదామని ఉండదు పాపం, పక్కింటి విల్సన్ గారికి సాయం చేద్దామనే వెళ్ళి ఆయన కొంప ముంచి వస్తాడు, మన బుడుగు టైపన్నమాట. ఎక్కువగా ఒకటే బొమ్మ, కింద ఒక మాట, నవ్వంతా ఆ మాటలోనే. బ్రిటన్ వాడు అలా కాదు, కావాలనే చేస్తాడు. చేతిలో పంగలకర్ర, బడంటే పడదు, బుద్ధిగా ఉండే వాల్టర్ కనిపిస్తే చాలు వదలడు. 1968లో వాడికి నాషర్ అని కుక్కనిచ్చారు, దాన్ని ఎలా గీయాలంటే డెన్నిస్ జుట్టు గీసి నాలుగు మూలలా నాలుగు కాళ్ళు, ముందు రెండు కళ్ళు పెట్టమన్నారట. మావాడు ఇది విన్నాక హోంవర్క్ పుస్తకాల అట్టల నిండా అవే కుక్కలు.

ఒక్క జాగ్రత్త. ఛారిటీ షాపుల్లో (దానంగా ఇచ్చిన పాత సామాన్లు అమ్మే కొట్లు) పాత బీనో యాన్యువల్స్, అంటే ఏడాదికోసారి వేసే పుస్తకాలు, చవగ్గా దొరుకుతాయి, నేనూ కొన్నాను, కానీ వాటిల్లో చాలా కథలకి చివరి బొమ్మ ఒకటే, నాన్న వాణ్ణి ఒళ్ళో బోర్లా వేసుకుని చెప్పుతో వాయిస్తుంటాడు. మావాడు "నాన్నా, చెప్పు ఎందుకు తీశాడు?" అని అడిగాడు, బెత్తం దెబ్బలు తిని పెరిగినవాణ్ణి నేనేం చెప్పను, పేజీ తిప్పేశాను. తర్వాత్తర్వాత వాళ్ళే ఆ దెబ్బలు ఎత్తేశారు, ఇప్పటి వాటిల్లో ఉండవు.

మీవాడు ఏడెనిమిదేళ్ళవాడైతే బీనో కొత్త యాన్యువల్ ఒకటి తెప్పించండి, చిన్న చిన్న మాటలు, పేజీ నిండా ధన్ ధడేల్ చప్పుళ్ళు, ఇంగ్లీష్ అంతగా రాకపోయినా బొమ్మల్ని బట్టి లాగించేస్తాడు. అమెరికా డెన్నిస్ కూడా కొనండి, కానీ అది మీ కోసం.