హెచ్‌ఓ స్కేల్ (అసలుకు 87వ వంతు) మోడల్ బొగ్గు వ్యాగన్లు, స్టేషన్ భవనం బొమ్మల్లా కాకుండా ఏళ్ల తరబడి వాడినట్టు కనిపించాలంటే ఏం చేయాలి?

ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పనిముట్టు) ఇప్పుడే కొనకండి. మీరు బాక్స్‌ఎన్ వ్యాగన్లు (పైకప్పు లేని బొగ్గు వ్యాగన్లు) కొలతల ప్రకారమే కట్టానన్నారు, పెంకుల కప్పుతో చిన్న స్టేషన్ కూడా చేశారు. అన్నిటి మీదా పల్చటి నల్లరంగు పూసి, అక్కడక్కడా నారింజ రంగు తుప్పు అద్దారు. అయినా బొమ్మల్లానే ఉన్నాయంటున్నారు. లోపం పనిముట్లలో లేదు. మురికి అన్ని చోట్లా ఒకేలా పడింది, కన్ను దాన్ని నమ్మడం లేదు. నిజం బండి మీద ప్రతి మరకకూ ఒక కారణం ఉంటుంది. వాన నీళ్లు ఎటు జారాయి, బొగ్గు ఎక్కడ రాసుకుంది, మనిషి చెయ్యి ఎక్కడ పట్టుకుంది, పట్టాల దుమ్ము ఎంత ఎత్తుకు లేచింది అన్నది తెలిస్తే మామూలు స్కూల్ బ్రష్‌తో కూడా పని అవుతుంది.

నేను ఉండేది కాజీపేటలో. చాలా ఏళ్లుగా హెచ్‌ఓలో బొగ్గు రైళ్లే చేస్తున్నాను కాబట్టి నా అనుభవమంతా ఈ లైన్ మీదిదే. మీరూ హన్మకొండే అన్నారు, మంచిదే. చూసి నేర్చుకోవాల్సిందంతా మన ఇంటి ముందే ఉంది. 1929లో కాజీపేట – బల్లార్షా లైన్ పూర్తయినప్పటి నుంచి ఢిల్లీ – మద్రాసు దారి మన ఊరి మీదుగానే ఉంది. మంచిర్యాల, రామగుండం వైపు నుంచి బొగ్గు బండ్లు ఇటే వస్తాయి. ఫాతిమానగర్ బ్రిడ్జి లాంటి ఎత్తయిన చోటు నుంచి చూస్తే వ్యాగన్ లోపలి భాగం కనిపిస్తుంది, ప్లాట్‌ఫాం మీది నుంచి అది ఎంత చూసినా కనిపించదు. పట్టాల మీదికి మాత్రం దిగకండి. అనుమతి లేకుండా దిగడం రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం, పైగా తల మీద 25 వేల వోల్టుల తీగ ఉంటుంది.

రంగు డబ్బా తెరిచే ముందు మీరు వ్యాగన్ మీద ఏ నంబరు వేశారో ఒకసారి చదవండి. మన వ్యాగన్ నంబరులో 11 అంకెలు ఉంటాయి. మొదటి రెండు వ్యాగన్ రకం, తర్వాతి రెండు అది ఏ రైల్వేదో చెబుతాయి. ఐదు, ఆరు అంకెలు తయారైన సంవత్సరం. ఆ తర్వాతి నాలుగు దాని సొంత నంబరు, చివరిది సరిచూసుకోవడానికి వేసే అంకె. అంటే బండి వయసు దాని ఒంటి మీదే రాసి ఉంటుంది. 89 అని నంబరు వేసిన బండి నిన్న కార్ఖానా నుంచి వచ్చినట్టు మెరిసినా, 21 అని వేసిన బండి పొరలు పొరలుగా ఊడిపోతున్నా తెలిసినవాళ్లు వెంటనే పట్టేస్తారు. పాత బండ్లలో ఇంకో సంగతి చూడండి. ఒళ్లంతా రంగు వెలిసిపోయి ఉంటుంది గానీ, నంబరు, ఓవర్‌హాల్ తేదీ తిరగరాసిన చోట మాత్రం కొత్త రంగు పట్టీ చతురస్రంగా తేలుతుంది. ఈ ఒక్క పట్టీ వేసినా వ్యాగన్ సగం నిజమైపోతుంది, నా లెక్కలో తుప్పు కంటే ఇదే ముఖ్యం. బాక్స్‌ఎన్‌లోనే తర్వాత వచ్చిన రకం బాక్స్‌ఎన్‌హెచ్‌ఎల్ చేస్తుంటే మాత్రం దాని పెట్టె స్టెయిన్‌లెస్ స్టీల్ అని గుర్తుపెట్టుకోండి. దాని మీద తుప్పు పెచ్చులు వేయకూడదు, బూడిద కలిసిన గోధుమ రంగు మసక, బొగ్గు దుమ్ము చాలు.

ఇక రంగు. ఎంత చిన్న స్కేల్ అయితే రంగు అంత ముదురుగా కనిపిస్తుంది. బాక్స్‌ఎన్ కప్లర్ (వ్యాగన్లను కలిపే కొక్కెం) నుంచి కప్లర్‌కు 10,713 మి.మీ. ఉంటుంది, 87తో భాగిస్తే 123 మి.మీ. అరచేతిలో పట్టే వస్తువు మీద అసలు బండి రంగు ఉన్నదున్నట్టు వేస్తే నల్లగా, బరువుగా కనిపిస్తుంది. అందుకే రెడ్ ఆక్సైడ్ రంగులో కొద్దిగా బూడిద రంగు, చిటికెడు తెలుపు కలపండి. అచ్చమైన నలుపు ఎక్కడా వాడకండి, బొగ్గుకు కూడా.

ఆ రంగు ఆరాక, నంబర్లు అంటించి, మ్యాట్ వార్నిష్ ఒక పూత వేసి, అప్పుడు వాష్ (పల్చటి రంగు నీళ్ల పూత) మొదలుపెట్టండి. బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ అక్రిలిక్‌లో కొంచెం నలుపు కలిపి టీ డికాషన్ అంత పల్చగా చేయండి. అందులో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేయాలి, లేకపోతే రంగు నీళ్లు గుండ్రంగా ముద్ద కట్టి ఆరాక వలయాలు మిగులుతాయి. మొత్తం వ్యాగన్‌ను ముంచెత్తవద్దు. వ్యాగన్ పక్క గోడ మీద రెండు నిలువు పట్టీల మధ్య ఉన్న ఒక్క గడినే తీసుకోండి. పై అంచున తడి పెట్టి, సగం ఆరుతున్నప్పుడు తడి పిండేసిన చదునైన బ్రష్‌తో పై నుంచి కిందికి ఒకే లాగుడు లాగండి. మళ్లీ పైకి పోకూడదు. పట్టీ పక్క మూలల్లో రంగు తనంతట తానే నిలుస్తుంది, మధ్యలో సన్నటి చారలు పడతాయి. పక్క గడికి కొంచెం తక్కువ రంగు, ఆ పక్కదానికి ఇంకొంచెం ఎక్కువ. పక్క గోడ అడుగున ఉండే తలుపుల సందుల్లోంచి బొగ్గు నీళ్లు కారతాయి కాబట్టి తలుపు అంచు నుంచి ఫ్రేమ్ మీదికి మాత్రం చిక్కటి నల్ల చార ఒకటి రెండు దింపండి.

తుప్పు విషయంలో మీ నారింజ రంగును దాదాపు వదిలేయమంటాను. పాత తుప్పు ముదురు గోధుమ రంగు, నలుపుకు దగ్గర. కొత్తగా గీరుకున్న చోట నడిమధ్యన మాత్రమే కాస్త ఎరుపు మెరుస్తుంది. గిన్నెలు తోమే స్పాంజి ముక్క తుంచి, ముదురు గోధుమ రంగులో అద్ది, కాగితం మీద దాదాపు పోయేదాకా తుడిచి, పై అంచుల మీద, నిలువు పట్టీల ముక్కుల మీద మెల్లగా తాకించండి. బొగ్గు ఎత్తే యంత్రాల బకెట్లు తగిలేది ఆ అంచులకే.

లోపలి భాగాన్ని చాలామంది పట్టించుకోరు, ఖాళీ రైలు నడిపేటప్పుడు కనిపించేదే అది. బొగ్గు రాసుకుని లోపల రంగన్నది మిగలదు. బూడిద, గోధుమ రంగులు కలిసి, మధ్యలో అరిగి కాస్త మెరుస్తుంది, మూలల్లో బొగ్గు నుసి నిలిచిపోతుంది. బాక్స్‌ఎన్‌ను టిప్లర్ తిప్పి గుమ్మరిస్తుంది, కొన్నిచోట్ల బకెట్ యంత్రాలతో తోడతారు. ఆ దెబ్బలకు నిలువు పట్టీల మధ్య రేకు బయటికి ఉబ్బుతుంది. దీన్ని కట్టేటప్పుడే చేసుకోవాలి. పక్క గోడలకు 0.25 మి.మీ. ప్లాస్టిక్ షీట్ వాడితే, అంటించకముందు దాన్ని రబ్బరు మీద పెట్టి, లోపలి వైపు నుంచి రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్ మొనతో గుండ్రంగా రుద్దండి. ఒక వ్యాగన్‌లో రెండు మూడు గడులకు మించి చేయకండి. ఎన్టీపీసీ రామగుండం సొంత ఎంజీఆర్ లైన్ (గనికీ ప్లాంటుకూ మధ్య బొగ్గు తిప్పే లైన్) మీద తిరిగే కింది తలుపుల బండ్ల సంగతి వేరు. వాటిలో బొగ్గు అడుగు నుంచే జారిపోతుంది కాబట్టి ఈ ఉబ్బులు అంతగా ఉండవు, లోపలి వాలు గోడలు నున్నగా అరిగి ఉంటాయి.

పొడి రంగులకు ఆన్‌లైన్‌లో వందలు పోయకండి. గచ్చు చేసేవాళ్లు సిమెంట్‌లో కలిపే రెడ్ ఆక్సైడ్, ఎల్లో ఆక్సైడ్ పొడులు మామూలు పెయింట్ షాపులో దొరుకుతాయి. రెండూ ఇనుము ఆక్సైడ్లే, నిజం తుప్పు కూడా అదే. ఇంటి ముందు అలికే జాజు ఇంకా మంచిది. అందులో మట్టి పాలు ఎక్కువ కాబట్టి రంగు తేలిగ్గా ఉంటుంది, కాస్నబ్ బోగీ (వ్యాగన్ కింది చక్రాల చట్రం) ఫ్రేముల మీద పేరుకునే దుమ్ముకు సరిగ్గా నప్పుతుంది. కట్టెబొగ్గు నూరుకుంటే నలుపు వచ్చేస్తుంది. అన్నిటినీ పాత కాటన్ గుడ్డలో జల్లించి, మెత్తటి పొడి మాత్రమే వాడండి. ముక్కుకు మాస్క్ తప్పనిసరి, ఈ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. ఫ్రేముల మీద జాజు అద్దాక, బేరింగ్ మూతల దగ్గర ఒక చుక్క ముదురు రంగు, దాని మీద కొంచెం మెరిసే గ్లాస్ (gloss) వార్నిష్ పెడితే గ్రీజు కారినట్టు ఉంటుంది.

బొగ్గు లోడు కోసం థర్మోకోల్ దిమ్మ చెక్కి, ముదురు బూడిద రంగు వేసి, ఫెవికాల్ నీళ్ల మీద దంచిన నిజం బొగ్గు చల్లండి. టీ వడపోతలో మిగిలే పలుకులు ఈ స్కేల్‌కు సరిపోతాయి, ఎందుకంటే 10 సెం.మీ. బొగ్గు పెళ్ల ఇక్కడ ఒక మి.మీ. పైచిలుకే. దిమ్మ అడుగున బరువు కూడా దాచేయొచ్చు. అమెరికా మోడల్ రైల్వే సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ చెప్పే లెక్క హెచ్‌ఓకు 28 గ్రాములు, ఆ పైన పెట్టె పొడవులో అంగుళానికి 14 గ్రాములు. మన బాక్స్‌ఎన్‌కు అది దాదాపు 90 గ్రాములు అవుతుంది. ఖాళీ వ్యాగన్లకు మాత్రం బరువు ఫ్రేమ్ కిందే అంటించాలి.

స్టేషన్ దగ్గర ముందు కప్పు చూడండి. మీరు వేసినవి బెంగుళూరు పెంకులా, గూన పెంకులా రాయలేదు, ఏవైనా పద్ధతి ఒకటే. నీళ్లు పై నుంచి కిందికి చేరతాయి కాబట్టి చూరు దగ్గరి వరసలు ఎక్కువ నల్లబడతాయి, కొప్పు దగ్గర ఎండకు వెలిసిపోతుంది. పగిలినవి మార్చి ఉంటారు, అందుకే అక్కడక్కడా ఒక పెంకు పక్కవాటికంటే ఎర్రగా ఉండాలి. చూరు కింద గోడకు వాన తగలదు, ఆ పట్టీ శుభ్రంగా వదిలేయండి. అన్ని వైపులా ఒకేలా నల్లచారలు దింపితే గోడ మళ్లీ బొమ్మదే అవుతుంది. మనకు వాన ఎక్కువగా నైరుతి నుంచి కొడుతుంది కాబట్టి పడమటి, దక్షిణపు గోడలకు చారలు, ఎండ తక్కువ పడే ఉత్తరపు గోడ అడుగున పాచి. గొట్టం పగిలిన చోటు ఉంటే నల్లటి పాచి మరక గోడ పొడవునా దించండి, కానీ ఒక్కచోటే.

నేల దగ్గర వాన చినుకులు చిమ్మిన మట్టి గోడకు జానెడున్నర ఎత్తు దాకా అంటుతుంది, అంటే మోడల్ మీద దాదాపు 4 మి.మీ. మన చెల్క నేలల దగ్గర అది ఎర్రమట్టి, మందమర్రి, బెల్లంపల్లి లాంటి బొగ్గు ఊళ్ల స్టేషన్ అనుకుంటే నలుపు కలిసిన మట్టి. బొగ్గు ఊళ్లలో దుమ్ము వాలేది ఎక్కువగా అడ్డంగా ఉన్న చోట్ల మీదే. సజ్జల పైభాగం, కిటికీ అంచు, బోర్డు పై అంచు, చెట్ల ఆకులు. నిలువు గోడ మీద దాన్ని పూయకండి.

బెంచీ వెనక గోడ గమనించారా? ఏళ్ల తరబడి జనం తల ఆనించి కూర్చుంటే అక్కడ నూనె మరక ఒక పట్టీలా పడుతుంది. కూర్చున్న మనిషి తల ఎత్తు నేల నుంచి దాదాపు 1.2 మీటర్లు, మీ గోడ మీద 14 మి.మీ. దగ్గర వస్తుంది. పల్చటి గోధుమ రంగును అక్కడ వేలితో అద్ది, అంచులు తడి బ్రష్‌తో కలిపేయండి. నేను భవనం మీద చేసే పనుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, మనుషుల బొమ్మలు పెట్టకపోయినా అక్కడ మనుషులు తిరిగారని తెలుస్తుంది.

వార్నిష్ స్ప్రే చేసేటప్పుడు కాలం చూసుకోండి. జులై, ఆగస్టుల్లో గాలిలో తేమకు మ్యాట్ వార్నిష్ తెల్లగా పొగచూరినట్టు అవుతుంది. మే నెల మధ్యాహ్నం కొడితే గాలిలోనే ఆరిపోయి ఎమరీ పేపర్‌లా గరుకు తేలుతుంది. వానాకాలమైతే వాన తెరిపిచ్చి ఎండ కాసిన రోజు, ఎండాకాలమైతే పొద్దున్నే. వార్నిష్ పడగానే పొడి రంగులు సగం మాయమవుతాయి, కంగారు పడకుండా ఆరాక ఇంకోసారి అద్దండి. అంతా అయ్యాక చక్రాల తొక్కుడు భాగాన్ని స్పిరిట్ తడిపిన దూదిపుల్లతో తుడిచి, కప్లర్ల సందుల్లో పొడి ఇరుక్కోలేదని చూసుకుని, అప్పుడే పట్టాల మీద పెట్టండి. స్పిరిట్ వ్యాగన్ ఒంటికి తగలనివ్వకండి, అక్రిలిక్ రంగును కరిగించేస్తుంది.