కొత్త డిపార్ట్‌మెంట్ కంటే ముందు టీచర్లకు టైమ్ కావాలి

ప్రశ్న: అమెరికాలో ఒక చిన్న హెచ్‌బీసీయూలో, అంటే నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన కాలేజీలో చరిత్ర చెబుతున్నాను. సెమిస్టర్‌కు నాలుగు కోర్సులు. ఇంటర్నేషనల్ స్టడీస్, విదేశీ భాషలు పెంచమని డీన్ నాకూ ఇంకో ఇద్దరికీ అప్పగించారు. డబ్బు లేదు, స్పానిష్ తప్ప వేరే భాష చెప్పేవాళ్లు లేరు. ఎక్కడ మొదలుపెట్టాలి?
- ఒక అధ్యాపకురాలు, అలబామా

జవాబు: ముందు డీన్‌ని ఒక్కటే అడగండి మేడమ్, ఈ పని చేసే ముగ్గురికీ వచ్చే ఏడాది తలా ఒక కోర్సు తగ్గించమనండి. దానికి ఒప్పుకోకపోతే మిగతావన్నీ కాగితం మీదే ఉండిపోతాయి. నాలుగు క్లాసులు చెప్పి, పేపర్లు దిద్ది, ఆ తర్వాత రాత్రిపూట కూర్చుని కొత్త సిలబస్ రాయడం ఒక సెమిస్టర్ నడుస్తుందేమో గానీ ఏళ్ల తరబడి ఎవరివల్లా కాదు. ఇలాంటి కాలేజీల్లో ఈ చదువులు వెనకబడింది తీరిక లేకే, ఆసక్తి లేక కాదు. మీలాంటి హెచ్‌బీసీయూనే అయిన హోవార్డ్ యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ విభాగాన్ని నిలబెట్టిన రాల్ఫ్ బంచ్ 1950లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నారు, అంత పాత వారసత్వం మీది.

కొత్త మేజర్, అంటే డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు, జోలికి ఇప్పుడే వెళ్లకండి. కొత్త కోర్సుకు కమిటీల అనుమతులు కావాలి, ఉన్న కోర్సులో రెండు మూడు వారాలు మార్చడం మాత్రం చాలావరకు మీ చేతిలో పనే. బానిస వ్యాపారం గురించి చెప్పేటప్పుడు అమెరికా ఒడ్డు దగ్గరే ఆగకుండా ఘనా, బ్రెజిల్ వైపు నుంచి కూడా చెప్పండి. పబ్లిక్ హెల్త్, బిజినెస్ చెప్పే సహోద్యోగులనూ కలుపుకోండి, ఎందుకంటే ఈ పని హ్యుమానిటీస్ వాళ్లకే పరిమితమైతే మీ తర్వాత ఆగిపోతుంది. వేరే దేశంలోని ఒక క్లాసుతో మీ క్లాసు ఆన్‌లైన్‌లో కలిసి ఒక ప్రాజెక్ట్ చేయడం, దీన్నే కాయిల్ అంటున్నారు, టికెట్ ఖర్చు లేకుండా అయ్యే పని. ఉద్యోగం చేసుకుంటూ చదివే పిల్లలకు విదేశీ ప్రయాణం కంటే ఇది ఎక్కువ అందుతుంది.

ఇక డబ్బు. 1965 ఉన్నత విద్యా చట్టం ఆరో టైటిల్ (భాగం) కింద యూఐఎస్‌ఎఫ్‌ఎల్ అని, డిగ్రీ స్థాయిలో ఇంటర్నేషనల్ స్టడీస్, విదేశీ భాషలు పెంచడానికి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే ఒక గ్రాంట్ ఉంది, మీలాంటి కాలేజీల కోసమే అన్నట్టుంటుంది. మామూలుగా కాలేజీ కూడా తన వాటా పెట్టాలి, కానీ మీలాంటి సంస్థలకు ఆ వాటా తగ్గించే, మాఫీ చేసే వీలు చట్టంలోనే ఉంది. ఇది తెలియక మన దగ్గర డబ్బెక్కడిది అని దరఖాస్తే పెట్టని కాలేజీలను చూస్తే బాధేస్తుంది. అయితే 2025 మార్చిలో ఈ కార్యక్రమాలు నడిపే కార్యాలయం సిబ్బందిని తొలగించారు, కాబట్టి గ్రాంట్ వస్తే విస్తరించేలా, రాకపోయినా నడిచేలా ప్లాన్ రాయండి. పక్కనున్న పెద్ద యూనివర్సిటీ ఏరియా స్టడీస్ వాళ్లతో, అంటే ఆఫ్రికా, లాటిన్ అమెరికా లాంటి ప్రాంతాల గురించి చెప్పేవాళ్లతో, మాట్లాడి వాళ్ల లైబ్రరీ, వాళ్ల భాషా క్లాసుల్లో ఆన్‌లైన్ సీట్లు మీ పిల్లలకు ఇప్పించండి. క్రెడిట్ల బదిలీ మాత్రం రాతపూర్వకంగా ఉండాలి, నోటిమాట మీద నమ్మకం పెట్టుకుంటే చివరికి ఇబ్బంది పడేది విద్యార్థే.

ప్రశ్న: మాది హిస్పానిక్ విద్యార్థులు ఎక్కువున్న కాలేజీ. మా పిల్లలకు స్పానిష్ ఇంట్లోనే వచ్చు, మళ్లీ క్లాసెందుకు అంటున్నారు మావాళ్లు. ఏ భాష పెట్టాలి?
- ఒక లెక్చరర్, టెక్సాస్

జవాబు: స్పానిషే పెట్టండి, కానీ వేరేగా. ఇంట్లో గడగడా మాట్లాడే పిల్లల్ని మొదటి పాఠం నుంచి మొదలుపెట్టే క్లాసులో కూర్చోబెడితే విసుగొస్తుంది. వాళ్లకు కావలసింది రాయడం, రిపోర్టులు చదవడం, ఆసుపత్రిలోనో కోర్టులోనో పనికొచ్చే భాష. ఇంటి భాషగా నేర్చుకున్నవాళ్లకు విడిగా ఒక సెక్షన్ అడగండి, నర్సింగ్, సోషల్ వర్క్ విభాగాలతో జత చేస్తే సీట్లు నిండడం సులువవుతుంది. రెండో భాష విషయంలో పిల్లలనే అడగండి. 2016, 2021 మధ్య అమెరికా కాలేజీల్లో ఇంగ్లిష్ కాని భాషల్లో చేరికలు 16.6 శాతం పడిపోయాయి, అదే కాలంలో కొరియన్ లాంటివి కొన్ని పెరిగాయి. ఏ భాష బాగుంటుందని పెద్దలు అనుకున్నా, పిల్లలు చేరకపోతే రెండేళ్లలో ఆ క్లాసు మూసేస్తారు.