కోస్తే రెండవ్వాలి కదా, కరిగిపోయాయేం?

ప్ర: ప్లస్ టూ పిల్లలకు చూపిద్దామని చెరువు నుంచి హైడ్రాలు (కోస్తే ముక్కలు మళ్లీ పెరిగే చిన్న నీటి జీవులు) తెచ్చాం. రాగి బిందెలో నిలవ ఉంచిన మంచినీళ్లు గాజు సీసాలో పోసి వాటిని వేశాం. బ్లేడుతో కోసినవే కాదు, కోయనివి కూడా రెండో రోజుకు కరిగిపోయాయి. ఎందుకని?
(ఒక ఉపాధ్యాయిని, పర్లాకిమిడి)

జ: బ్లేడు తప్పేం లేదు, చంపింది బిందె. మనం ఒంటికి మంచిదని తాగే రాగినీళ్లు హైడ్రాకు విషం. లీటరులో మిల్లీగ్రాములో పదో వంతు రాగి కలిసినా అది బతకడం కష్టం. ఇత్తడి చెంబూ వద్దు, అందులోనూ ఎక్కువ భాగం రాగే. ముందు స్పర్శకాల (నోటి చుట్టూ ఉండే పోగుల) కొసలు గుండుసూది తలల్లా ఉబ్బుతాయి. తర్వాత అవి కురచబారి, ఒళ్లంతా ముడుచుకుని, అడుగున తెల్లటి మడ్డి మిగులుతుంది. కొసలు ఉబ్బగానే నీళ్లు మారిస్తే చాలావరకు తేరుకుంటాయి. కుళాయి నీళ్లతో క్లోరిన్ బాధ. అన్నిటికంటే నయం, హైడ్రా దొరికిన చెరువు నీళ్లనే పల్చటి గుడ్డలో వడకట్టి పోయడం.

మేతకు రొయ్యల హేచరీల్లో వాడే ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే రొయ్యలాంటి చిన్న పురుగు) పిల్లలు చాలు, ఉప్పు పోయేలా కడిగి వేయండి. మేత వేసిన మూడు నాలుగు గంటలకు నీళ్లు మార్చాలి. చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు: మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా పుడుతుంది. నీళ్లు 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండాలి కాబట్టి ఎండాకాలం మానేసి కార్తీకం దాటాక పెట్టుకోండి.

కోసే ముందు ఒక రోజు పస్తుంచి, కొత్త బ్లేడుతో నడుం దగ్గర అడ్డంగా ఒక్క వేటు వేయండి. కింది ముక్కకు రెండు మూడు రోజుల్లో స్పర్శకాల మొగ్గలు కనిపిస్తాయి. స్పర్శకాన్ని విడిగా కోస్తే మాత్రం దాన్నుంచి హైడ్రా రాదు. 1740లో అబ్రహాం ట్రెంబ్లే అనే ప్రకృతి శాస్త్రవేత్త హైడ్రా మొక్కో జంతువో తేల్చుకుందామని కోశాడు. రెండు ముక్కలూ బతికేసరికి ఆయన సందేహం ఇంకా ముదిరింది!

ప్ర: వలలో చచ్చిన జెల్లీఫిష్‌ను తీస్తుంటే చేతులు మండాయి. చచ్చింది ఎలా కుడుతుంది?
(ఒక పాఠకుడు, గోపాల్‌పూర్)

జ: ఇదీ హైడ్రా చుట్టమే. దీనికి మెదడు లేదు, దంశకణాలకు, అంటే కుట్టే కణాలకు, ఎవరి ఆజ్ఞా అక్కర్లేదు. తగిలితే చాలు, లోపల చుట్టుకుని ఉన్న విషపు దారం బయటికి దూకుతుంది. వలకు అంటి ఎండిన పోగులు కూడా తడిస్తే కుట్టగలవు. మంచినీళ్లు పోయకండి, ఇసుకతో రుద్దకండి, పేలని కణాలు కూడా పేలతాయి. సముద్రపు నీటితో కడిగి, పోగుల్ని చిమటాతో తీసి, 45 డిగ్రీలు మించకుండా ఓర్చుకోగలిగిన వేడినీళ్లలో అరగంట చెయ్యి ముంచండి. ఊపిరి ఆడకపోయినా, ఛాతీ పట్టేసినా ఇవేవీ చేస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.